కాఫీ తాగండి, పాషా

ఆ ఉదయం జుహైర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు బ్యాటరీ వైరు ఒకటి పీకెయ్యాలి, స్టార్టవడం లేదని ఇంట్లో చెప్పాలి, ఇంటి వెనక సందులో దాని మీద గుడ్డ కప్పి సాయంత్రం గడిచేదాకా దాచాలి. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి ఏముంటుందిలే అనుకున్నాడు.

దాచాల్సిన అవసరం ఉంది. కారు అప్పు వాయిదాలు కట్టి నెలలు దాటింది. అమ్మాన్‌లో అతనికి కర్టెన్ల కొట్టు ఉంది. ఆ ఏడాది ఏం రోగమొచ్చిందో గానీ జనమంతా పాత కర్టెన్లనే ఉతుక్కుని తగిలించుకుంటున్నారు. ఫైనాన్స్ కంపెనీ నుంచి ఒకాయన వారం వారం ఫోన్ చేసేవాడు. అరవడు, తిట్టడు. "నా కంటి వెలుగా, వాయిదా సంగతి ఏం చేశావు?" అని మెత్తగా అడిగేవాడు. ఆ మెత్తదనానికే జుహైర్‌కు రెండు రాత్రులు నిద్ర పట్టేది కాదు. నిన్న అదే గొంతు, "నా కంటి వెలుగా, ఇక మేమే వస్తున్నాం" అని చెప్పి పెట్టేసింది.

వచ్చేవాళ్ళు మరో రోజు వస్తే అతనికి అభ్యంతరం లేదు. కానీ ఆ సాయంత్రం చెల్లెలు రనీమ్‌ను పెళ్ళికి అడగడానికి కరక్ ఊరి నుంచి జాహా వస్తోంది. అబ్బాయి తరఫు పెద్దలంతా కట్టగట్టుకుని వచ్చి ముందు గదిలో కూర్చుంటారు. వాళ్ళ పెద్ద, ఇచ్చిన కాఫీ తాగకుండా కప్పు కింద పెట్టి వచ్చిన పని చెబుతాడు. పిల్ల తండ్రి "మీరు కోరింది ఇచ్చాం, కాఫీ తాగండి" అన్నాకే ఆ కప్పు పైకి లేస్తుంది. రనీమ్, ఆ అబ్బాయి గస్సాన్ యూనివర్సిటీలోనే ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు, ఇళ్ళలో ఆడవాళ్ళు అన్నీ మాట్లాడేసుకున్నారు. మిగిలింది ఈ కాఫీ ఒక్కటే. అలాంటి రోజున కరక్ పెద్దలంతా చూస్తుండగా కారును లారీ ఎక్కించుకుపోతే, "వీళ్ళింటి పిల్లనా మనం చేసుకునేది?" అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. ఆ మాట చెల్లెలి చెవిన పడితే తను మళ్ళీ దాని మొహం చూడలేనని జుహైర్ భయం.

ఇంతకీ ఆ కారు కొనిపించింది తండ్రి హాజీ మిత్‌కాలే. పైసా ఇచ్చి కాదు, నోటితో. "మన గేటు ముందు చోటు పన్నూడిన నోరులా ఉందిరా," అని ఏడాది పొడుగునా వినిపించాడు. చివరికి జుహైర్ తన స్తోమతకు మించిన తెల్లటి పెద్ద కారు తెచ్చి ఆ పన్ను కట్టించాడు.

కారు స్టార్టవడం లేదని చెప్పినప్పుడు హాజీ పెద్దగా బాధపడలేదు. జుహైర్ కునాఫా మిఠాయి తేవడానికి టాక్సీలో బజారుకు వెళ్ళగానే తమ్ముడు అవద్‌నూ, అతని కొడుకులనూ పిలిపించాడు. "స్టార్టవకపోతేనేం, నిలబడుతుందిగా," అన్నాడు. వాళ్ళు దాన్ని సందులోంచి తోసుకొచ్చి గేటుకు ఎదురుగా పెట్టారు, కడిగారు, తుడిచారు, ముందు అద్దానికి తెల్ల రిబ్బను కూడా కట్టారు.

పళ్ళెంతో టాక్సీ దిగిన జుహైర్‌కు మొదట కనబడింది ఎండలో ధగధగ మెరుస్తున్న తన కారు. రెండోది కనబడలేదు, వినబడింది. ముందు గదిలోంచి ఒక మెత్తటి గొంతు, "మీ ఇల్లు చల్లగా ఉండాలి, నా కంటి వెలుగా," అంటోంది.

అతను పళ్ళెం పట్టుకునే లోపలికి పరిగెత్తాడు. గది నడిమధ్య, పెద్దల కోసం ఉంచిన మెత్త మీద, ఇస్త్రీ మడత నలగని సూటులో, దట్టమైన నెరిసిన మీసాలతో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. అటూ ఇటూ అలాంటి సూట్లే వేసుకున్న మరో ఇద్దరు. ఆయన పేరు బర్జస్. సూటు వేసుకున్నవాడి మీద ఈ ఊళ్ళో ఎవరూ చెప్పు విసరరని వృత్తిలో నేర్చుకున్నవాడు. మర్యాదగా అడిగి తెచ్చిన కారుకు గీత పడదని ఆయన నమ్మకం.

"రారా, పాషా గారికి సలాం చెప్పు," అన్నాడు హాజీ సంతోషంగా.

జుహైర్‌కు విషయం అర్థమైంది. జాహాను నడిపించుకొచ్చేది నహార్ పాషా అని, సైన్యంలో పెద్ద హోదాలో చేసి దిగిన మనిషని అబ్బాయి వాళ్ళు ముందే చెప్పారు. హాజీ ఆయన్ని ఎన్నడూ చూడలేదు. సైన్యంలో చేసినవాడు గనుక అందరికంటే ముందు దిగాడనుకున్నాడు. ఇక బర్జస్‌కు ఆ పిలుపులో తేడా ఏమీ తోచలేదు. అమ్మాన్‌లో పంక్చరు వేసేవాణ్ణి కూడా పాషా అనే పిలుస్తారు.

"మా అబ్బాయి జుహైర్," అన్నాడు హాజీ.

"తెలియకపోవడమేమిటి? ఇన్నాళ్ళూ ఫోన్లోనే. వారం వారం పలకరిస్తూనే ఉన్నాను," అన్నాడు బర్జస్, చేయి గుండె మీద పెట్టుకుని.

"చూశావా అవద్, ఎంత అభిమానమో," అని హాజీ తమ్ముడి వైపు తిరిగాడు.

నిజం చెప్పెయ్యడానికి జుహైర్ నోరు తెరిచాడు. ఈయన పాషా కాదు నాన్నా అంటే, మరి ఎవరురా అంటారు. ఎవరో చెప్పాలంటే అన్నీ చెప్పాలి. పైగా ఈయన పాషాగా కూర్చున్నంతసేపూ కారును ఎత్తుకుపోలేడు కదా అని ఒక పనికిమాలిన ఆశ కూడా కలిగింది. అతను నోరు మూసుకుని పళ్ళెం కింద పెట్టాడు.

బాబాయి కొడుకు కాఫీ పోసి మొదటి కప్పు బర్జస్‌కు ఇచ్చాడు. బర్జస్ దాన్ని తాగలేదు. పక్కనున్న చిన్న బల్ల మీద పెట్టేశాడు. బాకీ ఉన్నవాడి ఇంట్లో కాఫీ తాగితే ఇక వాడి కారు మీద చెయ్యి వెయ్యలేమని కంపెనీలో అందరికీ తెలుసు, అందుకే పని పూర్తయ్యేదాకా ఏదీ ముట్టకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. హాజీ మాత్రం ఆ కప్పునే చూస్తున్నాడు. మిగతా జాహా వచ్చేదాకా ఆగుదామనుకున్నాడు గానీ, ఇంటికొచ్చిన పెద్దమనిషి కప్పు కింద పెడితే కాసేపాగమనడం ఆయన ఇంటావంటా లేదు.

"కప్పు పెట్టేశారు. ఏదో మనసులో ఉంది. చెప్పండి పాషా," అన్నాడు.

బర్జస్ గొంతు సవరించుకున్నాడు. "మేమెందుకొచ్చామో మీకు తెలుసు హాజీ గారూ. మీ ఇంట్లో ఉన్నదాన్ని తీసుకెళ్ళడానికి వచ్చాం. మీరు మంచి మనసుతో ఇస్తే మేమూ మర్యాదగా వెళ్ళిపోతాం."

ఎంత క్లుప్తంగా అడిగాడు, సైన్యం అంటే సైన్యమే అనుకున్నాడు హాజీ. "ఎప్పుడు తీసుకెళ్దామనుకుంటున్నారు?"

"ఇవాళే."

"ఇవాళేనా? కాస్త టైము ఇవ్వరా?"

"చాలా టైమిచ్చాం హాజీ గారూ. ఇక పైవాళ్ళు ఊరుకోరు."

పైవాళ్ళంటే అబ్బాయి తల్లి అయ్యుంటుందని హాజీకి తోచింది. ఆవిడ గురించి ఇంట్లో ఆడవాళ్ళు ముందే ఏదో అన్నారు. ఆయన తల పంకించాడు.

"లారీ కూడా తెచ్చాం, సందు చివర ఉంది. తాళ్ళతో గట్టిగా కట్టి జాగ్రత్తగా తీసుకెళ్తాం, చిన్న దెబ్బ కూడా తగలనివ్వం."

అవద్ బాబాయికి పొలమారింది. హాజీ కనుబొమలు పైకి లేచాయి. జుహైర్ తండ్రి చెవి దగ్గరకు వంగి, "సామాన్లు నాన్నా, సారె సామాన్లు. కరక్ వైపు ఆచారం," అని గొణిగాడు.

"ఎంత తిరిగిందో కూడా ఒకసారి చూడాలి," అన్నాడు బర్జస్.

గది చల్లబడింది. హాజీ నిటారుగా కూర్చున్నాడు. "ఇంటికీ చదువుకీ తప్ప ఎక్కడికీ తిరగలేదు," అన్నాడు.

"మంచిది. అలాంటివి చాలా అరుదుగా దొరుకుతాయి," అన్నాడు బర్జస్ మెచ్చుకోలుగా.

"మాట మొరటు నాన్నా, మనసు వెన్న," అని జుహైర్ మళ్ళీ చెవిలో ఊదాడు. అతని చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

కూతురు పుట్టిన రోజు నుంచి హాజీ ఈ మాట అనడానికి సిద్ధమవుతూనే ఉన్నాడు, తీరా అనాల్సి వచ్చేసరికి కళ్ళు చెమర్చాయి. "నా కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాను పాషా. మీరు అడిగాక నాది అనుకోవడానికి లేదు. ఇచ్చాను. కాఫీ తాగండి."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో బర్జస్ మీద కుక్కల్ని వదిలినవాళ్ళున్నారు, మేడ మీదనుంచి నీళ్ళు పోసినవాళ్ళున్నారు. ఇలా కన్నీళ్ళు పెట్టుకుని చేతిలో పెట్టినవాళ్ళు లేరు. కంపెనీ కట్టుబాటు మరిచిపోయి కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. మాట ఖాయమైందని అందరూ అరచేతులు పైకెత్తి ఫాతిహా ప్రార్థన చదివారు. కారు వెళ్ళిపోతుంటే ఫాతిహా చదివే ఇల్లు ఇదే చూడటమనుకుని ఆయనా చదివాడు. వంటగదిలోంచి ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ సంతోషపు కూతలు పెట్టారు. ఆ గోల మధ్యే బర్జస్ ఫోన్ తీసి లారీవాడికి చెప్పాడు. "పెద్దాయన ఇచ్చేశాడు. వచ్చి ఎత్తుకో. తెల్లది, గేటుకు ఎదురుగా ఉంది."

జుహైర్ వంటగది వైపు వెళ్ళేసరికి రనీమ్ అతని చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. చేతిలో ఫోను.

"అన్నయ్యా, ఆ మీసాలాయన ఎవరు?"

"పాషా గారు కదే."

"గస్సాన్ ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. వాళ్ళు పాషాతో సహా ఇంకా ఊళ్ళోకే రాలేదట. ఎవరికిచ్చారు నన్ను?"

జుహైర్ మొత్తం చెప్పేశాడు. రనీమ్ విని, గోడకు జారబడి, నవ్వాలో కొట్టాలో తేల్చుకోలేకపోయింది.

"నన్ను తాళ్ళతో కట్టి లారీ ఎక్కిస్తారంటే నువ్వు పక్కన కూర్చుని తలాడించావు."

"సామాన్లని చెప్పాను కదే."

"నాకొక్క మాట చెప్పి ఉంటే నా గాజులు అమ్మేసేదాన్ని కదరా. సరే, ముందు వెళ్ళి ఆ కారు అవతలికి తియ్యి. ఆయన లేవకుండా నేను చూసుకుంటా," అని కునాఫా పళ్ళెం ముందు గదిలోకి పంపించింది. ఖాళీ అయితే ఇంకోటి పంపడానికి సిద్ధంగా నిలబడింది.

జుహైర్ వెనక గుమ్మం గుండా బయటికొచ్చి, పీకిన వైరు మళ్ళీ తగిలించి, కారును రొట్టెల కొట్టు వెనక్కి తీసుకెళ్ళి పెట్టాడు. తిరిగొస్తుంటే వీధంతా హారన్లు. జాహా దిగింది. కార్ల వరస వీధి పొడుగునా నిలబడిపోయి, లారీ సందు చివరే ఇరుక్కుంది. పెద్దమనిషి కారు గేటు ముందే ఉండాలని బాబాయి కొడుకులు చేతులూపుతూ నహార్ పాషా కారును ఆ ఖాళీ అయిన చోట్లో పెట్టించారు. అదీ తెల్లటిదే, అదీ పెద్దదే. జుహైర్‌కు ఆ సమయంలో దాని రంగు చూసే తీరిక లేదు.

అతను గదిలోకి వచ్చేసరికి గోధుమరంగు శాలువాలో సన్నగా పొడుగ్గా ఉన్న నహార్ పాషా కూర్చుని ఉన్నాడు. చుట్టూ కరక్ పెద్దలు, ఒక మూల కొత్త చొక్కాలో గస్సాన్. అందరి చేతుల్లోకీ కాఫీ వచ్చింది. పాషా తన కప్పు బల్ల మీద పెట్టి, "హాజీ గారూ, మీ అమ్మాయి రనీమ్‌ను మా గస్సాన్‌కు అడగడానికి వచ్చాం," అన్నాడు.

హాజీ ఆయన్నీ బర్జస్‌నూ మార్చి మార్చి చూశాడు. "మీరు ఎవరండీ?"

"ఆయనే నహార్ పాషా," అన్నాడు గస్సాన్ తండ్రి.

"మరి ఈ పాషా?"

అందరూ బర్జస్ వైపు తిరిగారు. ఆయన నోటినిండా కునాఫా ఉంది.

"అయ్యా, తప్పయిపోయింది," అన్నాడు హాజీ, నుదుటి చెమట తుడుచుకుంటూ. "అమ్మాయిని వీరికి ఇచ్చేశాను. ఫాతిహా కూడా చదివాం."

గస్సాన్ మొహం సున్నం కొట్టినట్టయింది. బర్జస్ గబగబా మింగాడు. "అమ్మాయేమిటి హాజీ గారూ? నాకు పెళ్ళీడు కూతుళ్ళున్నారు. నేనొచ్చింది కారు కోసం. మీ అబ్బాయి వాయిదాలు కట్టలేదు, కంపెనీ తీసుకురమ్మంది. అంతే."

ఇంతసేపూ ఏ మాట ఈ గదిలో పలకకూడదని జుహైర్ చెమటలు కక్కాడో ఆ మాట పలికేసింది. అందరూ విన్నారు. తండ్రి అతని వైపు తిరిగాడు.

"ఎప్పట్నుంచిరా?"

"చలికాలం నుంచి నాన్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"గేటు ముందు మళ్ళీ ఖాళీ అయితే మీరు చూడలేరని."

పన్నూడిన నోరు సంగతి హాజీకి గుర్తొచ్చింది. పుట్టెడు సిగ్గేసింది, కొడుకును చూసి కాదు, తనను చూసుకుని. లేచి నిలబడ్డాడు. "దేనికిచ్చినా మాట మాటే. కాఫీ తాగమన్నాను, ఆయన తాగాడు. తాళం ఇచ్చెయ్యి."

జుహైర్ జేబులోంచి తాళం తీసి బర్జస్ ఖాళీ కప్పు పక్కన పెట్టాడు. కరక్ పెద్దల్లో ఇద్దరు గుసగుసలాడుకున్నారు. తలుపు చాటున రనీమ్ నీడ కదలకుండా నిలబడి ఉంది. దాన్ని చూసి జుహైర్‌కు ఏడుపొచ్చింది.

అప్పుడు నహార్ పాషా దగ్గాడు. "నా కప్పు ఇంకా కిందే ఉంది," అన్నాడు. "హాజీ గారిని అడగాల్సింది తర్వాత అడుగుతాను. ముందు ఈ సూటాయనకు ఒక విన్నపం."

బర్జస్ తల ఎత్తాడు.

"నాయనా, నువ్వు ఈ ఇంటి కాఫీ తాగావు. వీళ్ళ పిల్ల పెళ్ళి మాట జరిగే రోజున వీళ్ళ గేటు ఖాళీ చేస్తావా? పెళ్ళయ్యేదాకా ఆగు. కుర్రవాడు మెల్లగా కట్టుకుంటాడు. నువ్వు సరేననేదాకా మేమెవరం కాఫీ తాగం."

ఆ మాటతో గదినిండా ఉన్న పెద్దలంతా కప్పులు కింద పెట్టారు. గోడ పొడుగునా ఒకదాని తర్వాత ఒకటి టక్కు టక్కుమని వినిపించింది. గుసగుసలాడిన ఇద్దరు కూడా పెట్టేశారు. కుక్కల్నీ నీళ్ళనూ తట్టుకున్న బర్జస్‌కు ఇది ఎలా తట్టుకోవాలో ఎవరూ నేర్పలేదు. ఇంతమంది నెరిసిన గడ్డాల ముందు కాఫీ చల్లారిపోతుంటే వద్దనగలిగినవాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

"కంపెనీవాళ్ళు నన్ను చంపుతారు," అని గొణిగి, తాళం తీసి జుహైర్ చేతిలో పెట్టాడు. "పెళ్ళయ్యేదాకా ఎవరూ రారు, నాది పూచీ. కాఫీ తాగండి పాషా."

"ఇక మా సంగతి," అని పాషా హాజీ వైపు తిరిగాడు. హాజీ చేత్తోనే కప్పు చూపించి తాగమన్నాడు. ఈసారి ఫాతిహా సరైన మనిషి కోసం చదివారు. వంటగదిలో కూతలు ఇందాకటికంటే గట్టిగా లేచాయి, అందులో పెళ్ళికూతురి గొంతే పెద్దదని అవద్ బాబాయి తర్వాత చాలాకాలం చెప్పుకున్నాడు.

ఆ సందడిలో బర్జస్‌కు లారీ గుర్తొచ్చింది. కంగారుగా ఫోన్ చేశాడు. "ఒరేయ్, అది వదిలెయ్. ఎత్తకు."

"వీధిలో దారి దొరకగానే ఎప్పుడో తెచ్చేశాను సార్, యార్డులో దించేశా," అంది ఫోను, గదిలో అందరికీ వినబడేంత గట్టిగా. "మేనేజరు గారు నన్ను కావలించుకున్నారు. ఏడాది నుంచి ఈ బండి కోసమేనట వెతుకుతోంది. చేతికి చిక్కకుండా తిరుగుతోందట."

జుహైర్ జేబులో తాళం తడుముకున్నాడు. తన కారు రొట్టెల కొట్టు వెనక ఉంది. వాయిదాలు ఆగింది చలికాలంలో. ఏడాది ఎక్కడిది? అందరూ మెల్లగా కిటికీలోంచి గేటు వైపు చూశారు. పాషా కారు నిలిపిన చోటు ఖాళీగా ఉంది. తర్వాత, మర్యాద తెలిసిన మనుషులు గనుక, ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు.

"మా డ్రైవరు సర్వీసింగుకు పట్టుకెళ్ళినట్టున్నాడు," అన్నాడు నహార్ పాషా, శాలువా సర్దుకుంటూ.

ఆ రాత్రి ఆయన్ని తన కారులో ఇంటికి దింపింది జుహైరే. పాషా అద్దానికి ఊగుతున్న తెల్ల రిబ్బను చూస్తూ కూర్చున్నాడు. ఊరు దాటాక మాత్రం గొంతు తగ్గించి అడిగాడు. "ఆ బర్జస్ ఇల్లెక్కడో కనుక్కో బాబూ, మనవాళ్ళందరం ఒకసారి కాఫీకి వెళ్ళాలి."